మూడో రాయి బయటపడేదాకా

మా ఆవిడ పెట్టిన షరతులు రెండు. మొదటిది, నా గుండె నిమిషానికి నూట ఇరవై అయిదుసార్లకు మించి కొట్టుకోకూడదు. డాక్టరు నూట ముప్పై దాకా పర్వాలేదన్నాడు. ఆవిడ హాస్పిటల్లో నర్సు కాబట్టి అందులోంచి ఇంకో అయిదు తగ్గించింది. రెండోది, తను కారేసుకుని వచ్చి నన్ను తీసుకెళ్ళే పరిస్థితి రాకూడదు.

"రెంటిలో ఏది తప్పినా ఇక మీరు ఒక్కరే సైకిలెక్కడం లేదు. మీరు ఏ రోడ్డు పక్కన పడున్నారో అనుకుంటూ నేను వార్డులో మందులు పంచలేను," అంది.

అప్పటికి నాకు స్టెంటు వేసి ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ పామర్‌స్టన్ నార్త్‌లో మా ఇంటి చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనే తొక్కాను. మా ఊళ్ళో కొండ లేదు, పల్లం లేదు. సైకిల్ తొక్కేవాడికి అడ్డొచ్చేది గాలి ఒక్కటే. నాలుగు వీధులూ ఒక చుట్టు రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. అలా మూడు వందల పన్నెండు చుట్లు తిరిగాను. ఒక్కణ్ణే దూరం పోవడమనేది నాకు నడివయసులో దొరికిన సుఖం. అది పోతే ఏం మిగులుతుందో ఆ మూడు వందల పన్నెండు చుట్లలో బాగా తెలిసింది.

నేను లెక్కలు చదువుకున్నవాణ్ణి కాను. బి.ఏ. చేశాను. ఆవిడ ఉద్యోగం మీద ఈ దేశం వచ్చి, ఒక గోడౌన్‌లో సరుకు లెక్క చూసే పనిలో చేరాను. నాకొచ్చిన లెక్కలన్నీ పనివాళ్ళని చూసి నేర్చుకున్నవే. సముద్రం లెక్క మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. ఆయన కోస్తాలో ఉప్పుకొటారు చూసేవాడు. పోటు సమయానికి తూము ఎత్తి, సముద్రపు నీటిని మళ్ళలోకి వదలాలి. ఆయన దగ్గర గడియారం ఉండేది కానీ పోటు సమయాల పట్టిక ఉండేది కాదు. గోడకి పంచాంగం వేలాడేది. "పున్నమినాడు పోటు ఎప్పుడు నిండిందో ఒక్కసారి చూసి పెట్టుకోరా. ఆ తర్వాత రోజుకి రెండు గడియలు కలుపుకుంటూ పో, చాలు," అనేవాడు. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. రెండు గడియలు నలభై ఎనిమిది. పెద్దయ్యాక ఎన్ని పట్టికలతో పోల్చి చూసినా ఆయన లెక్క పది, పదిహేను నిమిషాలకి మించి తప్పలేదు.

ఈ లెక్క ఇక్కడెందుకు కావాల్సొచ్చిందో చెప్పాలి. ఈ దేశపు దక్షిణ దీవి పైకొసన మార్ల్‌బరో సౌండ్స్ అని ఉంది. కొండల మధ్య లోయల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది. ఒక్కో పాయ నదిలా మెలికలు తిరుగుతూ పోతుంది, కానీ ఆ నీళ్ళు ఉప్పన, రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతాయి. అందులో ఒక పాయ ఒడ్డునే నలభై నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డు ఉంది. పోయిన జూలైలో, స్టెంటుకి నెల ముందు, ఇద్దరం కారులో వెళ్ళాం. ముప్పై కిలోమీటర్లు వెళ్ళేసరికి కొండచరియ విరిగి రోడ్డు మీద పడి ఉంది. కార్లకి దారి లేదు. అవతలివైపు ఇళ్ళవాళ్ళు, నీళ్ళు దిగినప్పుడు ఆ చరియ కింద రాళ్ళ ఒడ్డు మీదుగా చుట్టి నడిచి వస్తున్నారట, లేదంటే పడవలో. ఆ రోజు పున్నమి. జూలై అంటే ఇక్కడ నడి చలికాలం, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడి చూశాను. పోటు సరిగ్గా పదింటికి నిండింది. నోటుబుక్కులో రాసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు, పాయ దాటాక కూడా కొండల్లో సాగే ఆ గులకరాళ్ళ రోడ్డు మీద కారు రెండుసార్లు జారింది. "ఈ రోడ్డు మీద నేను మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంటే ఒట్టు," అంది మా ఆవిడ.

ఫిబ్రవరిలో అక్కడికే వెళ్ళాం. ముందురోజు హేవ్‌లాక్ అనే చిన్న ఊళ్ళో దిగాం. నా పథకం ఇది. పొద్దున పడవవాడు నన్నూ సైకిల్నీ పాయ చివర ఒక రేవులో దించుతాడు. అక్కణ్ణించి ఒడ్డు వెంట తొక్కుకుంటూ వస్తాను. పద్నాలుగో కిలోమీటరులో చరియ, దాన్ని రాళ్ళ మీదుగా దాటాలి. ఆ తర్వాత ముప్పై కిలోమీటర్లు, చివర ఒక కొండ, కొండ దిగితే రెండో రేవు. మూడున్నరకి అదే పడవ అక్కడికొచ్చి ఎక్కించుకుంటుంది. మా ఆవిడ హేవ్‌లాక్‌లోనే ఉండి నిద్రపోతుంది. ఆవిడకి నిద్ర చాలా బాకీ.

ఆ రోజు బహుళ దశమి. పున్నమి నుంచి పదో రోజు. పది రెళ్ళు ఇరవై గడియలు, అంటే ఎనిమిది గంటలు. పదింటికి ఎనిమిది కలిపితే సాయంత్రం ఆరుకి పోటు, దాని ముందు పోటు తెల్లవారుజామున అయిదూ ముప్పై ఆరుకి. నీళ్ళు పూర్తిగా దిగేది పదకొండూ నలభై ఎనిమిదికి. దశమి నీళ్ళకి జోరు తక్కువ, పెద్దగా దిగవు. కాబట్టి దానికి ఇటు గంటన్నర, అటు గంటన్నర మాత్రమే దారి ఉంటుంది. పది ఇరవై నుంచి ఒంటిగంట ఇరవై దాకా అనుకున్నాను. ఫోన్‌లో పట్టిక చూస్తే అయిపోయేది. చూడలేదు. ముప్పై ఏళ్ళుగా తప్పని లెక్కని ఫోన్‌ని అడిగి ఖాయం చేసుకోవడం నాకు చిన్నతనంగా అనిపించింది.

పడవవాడు ఎనిమిదీ ముప్పావుకి దించాడు. "మూడున్నర అంటే మూడున్నరే మేట్. నాకు ఇంకా మూడు రేవులున్నాయి," అన్నాడు. ఎదురుచూడమని అడగడానికి వీల్లేని మాట, కానీ నవ్వుతూనే అన్నాడు.

పడవ చప్పుడు దూరమయ్యాక ఆ పాయ మొత్తం నాకొక్కడికే వదిలేసినట్టుంది. నీళ్ళు ఆకుపచ్చ, ఒడ్డు దగ్గర అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేట. కొండలు నీళ్ళలోంచే లేచి నిలబడ్డాయి. వాటి మీద తాటిచెట్టంత ఎత్తు ఫెర్నులు, గొడుగులు విప్పినట్టు. కీచురాళ్ళ మోత చెవిలో ఇసుక పోసినట్టుంది. నీళ్ళ మీద ఆల్చిప్పలు పెంచేవాళ్ళ నల్ల బుడ్లు వరసలు వరసలుగా తేలుతున్నాయి. ఒక వరసలో బుడ్లు లెక్కపెట్టాను, అరవై నాలుగు. రెండో వరస మొదలుపెట్టేసరికి రోడ్డు మలుపు తిరిగి, ఇంకో కొత్త పాయ తెరుచుకుంది. అక్కడా అదే నీళ్ళు, కానీ రంగు వేరు. మూడో మలుపు దగ్గర నాకొకటి అర్థమైంది. ఈ రోడ్డు వేసినవాళ్ళు ఎక్కడా నీళ్ళని దాటాలని చూడలేదు. ప్రతి వంపుకీ లోపలిదాకా వెళ్ళి, ఆ చివర వాగుకి దణ్ణం పెట్టినట్టు వంగి, మళ్ళీ బయటికి తీసుకొచ్చారు. కాకి పోయే దారిన చూస్తే రెండు కిలోమీటర్లున్న చోట ఏడు వేశారు. దాని వల్ల నష్టపోయానని ఒక్క మలుపులోనూ అనిపించలేదు.

పదీ ఇరవై అయిదుకి చరియ దగ్గరికొచ్చాను. మణికట్టు గడియారంలో గుండె వేగం నూట రెండు. పథకానికి అయిదు నిమిషాలు ఆలస్యం, అంతే.

రాళ్ళ ఒడ్డు లేదు. అక్కడంతా నీళ్ళే.

చరియకి ముందు ఒక రేకుల ఇల్లుంది. దాని అరుగు మీద ఒక పెద్దావిడ, డెబ్భై దాటుంటాయి, గమ్‌బూట్లు వేసుకుని టీ తాగుతోంది. నేను నీళ్ళనీ నోటుబుక్కునీ మార్చి మార్చి చూడడం ఎంతసేపు చూసిందో, "బుక్కులో నీళ్ళు దిగాయా?" అని కేకేసింది.

"దిగాయండి. ఇక్కడే దిగలేదు," అన్నాను.

ఆవిడ గట్టిగా నవ్వి రమ్మని చెయ్యూపింది. నోటుబుక్కు చూపించి పున్నమి, రెండు గడియలు, పది రోజులు అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నది. ఇంతవరకూ ఇక్కడ నా లెక్క ఎవరూ అంత ఓపికగా వినలేదు.

"బావుంది. మరి ఆ పది గంటలు ఎప్పుడు చూశావు?"

"జూలైలోనండి."

"ఇప్పుడు?"

"ఫిబ్రవరి."

ఆవిడ కప్పు ఊదుకుంటూ నన్నే చూసింది. అప్పుడు వెలిగింది. ఈ దేశంలో వేసవి కోసమని సెప్టెంబరు చివర్లో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, ఏప్రిల్‌లో వెనక్కి తెస్తారు. నేను పదిహేనేళ్ళుగా జరుపుతున్నాను. ఇంట్లో అయిదు గడియారాలు, ఓవెన్‌దీ కారుదీ కలిపి, జరిపేది నేనే. మేనమామ లెక్కకి మాత్రం జరపాలని తట్టలేదు. ఆయన దేశంలో గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు.

"సముద్రానికి వేసవి గడియారం లేదు డియర్," అంది ఆవిడ. "కూర్చో. ఇంకో గంట."

"మీరెలా చూస్తారు?"

"అదిగో," అని చూపించింది. నీళ్ళలో ఒక నల్లరాయి నెత్తి కనబడుతోంది. "అది మొదటిది. దాని వెనక ఇంకోటి, తర్వాత ఇంకోటి వస్తాయి. మూడో రాయి బయటపడితే మోకాలు తడవకుండా వెళ్ళొచ్చు. మళ్ళీ అది మునిగేలోపు తిరిగి రావాలి. మా తాత చూపించాడు. ఆయన స్కాట్లాండు మనిషి, వాళ్ళ ఊళ్ళో ఇలాంటి పాయని లోఖ్ అంటారు, చచ్చేదాకా దీన్నీ అలాగే పిలిచాడు. మ్యాపులో ఏముందో ఆయనకి అనవసరం."

"గాలి ఎక్కువున్న రోజు నీళ్ళు ఆలస్యంగా దిగితేనో?"

"రాయి కూడా ఆలస్యంగా బయటపడుతుంది కదా."

ముప్పై ఏళ్ళలో నా లెక్కలో గాలిని ఎక్కడ కలపాలో తెలియక అవస్థపడ్డాను. ఆ రాళ్ళలో గాలీ, వానా, చంద్రుడూ అన్నీ ముందే కలిసి ఉన్నాయి.

మధ్యాహ్నానికి తెచ్చుకున్న పులిహోర అక్కడే విప్పాను. ఎలాగూ గంట పోతోంది, భోజనానికి అనుకున్న అరగంటైనా అందులో కలిసొస్తుందని. ఆవిడకి కాగితం ప్లేటులో పెట్టాను. "నిమ్మకాయా?" అంది. చింతపండు అని చెప్పడానికి కాస్త కష్టపడ్డాను. రెండోసారి పెట్టించుకుంది. ఈలోపు గోధుమరంగు కోడిలా ఉన్న ఒక పిట్ట, రెక్కలున్నా ఎగరలేదు, నడుచుకుంటూ వచ్చి నా గ్లవ్ ఒకటి ముక్కున కరుచుకుని పొదల్లోకి పరిగెత్తింది.

"వేకా. వాడి దగ్గర నా చెంచాలు ఆరున్నాయి," అంది ఆవిడ, ఏమాత్రం లేవకుండా. "ఒక గ్లవ్వుతో తొక్కలేవా?"

"తొక్కగలను. మూడున్నరకి పడవ అందుకోలేకపోతేనే చిక్కు." ఆ మాటతో పాటు షరతులు రెండూ చెప్పేశాను. తెలిసినవాళ్ళెవరికీ చెప్పుకోని సంగతి.

ఆవిడ ఖాళీ ప్లేటు మడిచి పక్కన పెట్టింది. "మీ ఆవిడంటే నాకు భయమేస్తోంది. కానీ ఆవిడ మాటే రైటు," అంది.

పదకొండూ ఇరవైకి మూడో రాయి నెత్తి బయటికొచ్చింది. దాని మీద ఎర్రముక్కు నల్లపిట్ట ఒకటి వచ్చి వాలింది, సంతకం పెట్టినట్టు. సైకిల్ని భుజానేసుకుని కొంత, తోసుకుంటూ కొంత, నాలుగు వందల మీటర్లు రాళ్ళ మీద నడిచి పదకొండూ నలభైకి అవతల రోడ్డెక్కాను. వెనక్కి తిరిగితే ఆవిడ కప్పు ఎత్తి చూపించింది.

ముప్పై కిలోమీటర్లు. పొద్దుటి వేగం గంటకి ఎనిమిది పాయింట్ నాలుగు కిలోమీటర్లు. ఆ లెక్కన మూడూ పద్నాలుగుకి రేవు. పదహారు నిమిషాలు చేతిలో ఉన్నాయి. ధైర్యంగానే బయల్దేరాను.

మధ్యాహ్నం దాటాక పాయ మొహం మారిపోయింది. ఎండకి కొండలు వేడెక్కి, సముద్రం నుంచి గాలి లోపలికి లాగసాగింది. తేటగా ఉన్న నీళ్ళ మీద చిన్న చిన్న మడతలు పడ్డాయి, ఒక్కో మడత అంచునా వెలుగు. వేగం పడిపోతోందని తెలుస్తూనే ఉంది, అయినా రెండుచోట్ల ఆగాను. ఒకచోట వాగు వచ్చి కలిసే దగ్గర. మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే గీత అంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు. నూనె, నీళ్ళు కలిసినట్టు వణుకుతోంది. అక్కడ నాలుగు నిమిషాలు ఖర్చుపెట్టాను. ఇంకోచోట ఊరికే. అక్కడ ఎన్ని నిమిషాలో రాసుకోలేదు.

సరిగ్గా మూడింటికి ఆఖరి కొండ కింద ఉన్నాను. మిగిలింది నాలుగు కిలోమీటర్లు. ఎక్కుడు రెండు పాయింట్ నాలుగు, దిగుడు ఒకటి పాయింట్ ఆరు. తొక్కితే ఎక్కడానికి పద్దెనిమిది నిమిషాలు, దిగడానికి ఆరు. మూడూ ఇరవై నాలుగు. పడవ దొరుకుతుంది. నడిస్తే ఎక్కడానికి ముప్పై, దిగడానికి ఆరు. మూడూ ముప్పై ఆరు. పడవ ఉండదు.

తొక్కడం మొదలుపెట్టాను. గడియారంలో నూట పదిహేను. మొదటి వంపులో నూట పంతొమ్మిది. రెండు వందల మీటర్లు వెళ్ళానో లేదో నూట ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఇంకా రెండు కిలోమీటర్లపైన ఉంది. ఆ అంకె ఎక్కడిదాకా పోతుందో లెక్కేసుకోవడానికి కాగితం అక్కర్లేదు. నూట నలభై దాటుతుంది. గడియారం విప్పి జేబులో వేసుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, దాచను. పడవెక్కి, మూడు గంటల కల్లా కొండ ఎక్కేశానని, గడియారంలో చార్జింగ్ అయిపోయిందని చెప్పొచ్చు.

దిగి నడిచాను. ఎందుకు దిగానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. రెండు షరతుల్లో ఒకటి తప్పక తప్పేలా ఉన్నప్పుడు, ఏది తప్పితే ఆవిడకి ఎక్కువ కష్టమో అదొక్కటే లెక్క. మట్టిరోడ్డు మీద కారు నడపడం ఆవిడకి ఇష్టం లేదు. నా గుండె ఇష్టాయిష్టాల సంగతి కాదు.

నడుస్తుంటే కొండ నాకు పూర్తిగా కనబడింది. తొక్కుతూ ఎక్కేవాడికి ముందు చక్రం తప్ప ఏమీ కనబడదు. ఒక్కో మలుపుకీ పాయ ఇంకాస్త కిందికి దిగి, ఇంకాస్త పొడుగు సాగింది. పైకెక్కేసరికి పొద్దున బయల్దేరిన చివరి నుంచి ఇక్కడిదాకా అంతా ఒక్కచూపులో ఉంది. నలభై కిలోమీటర్ల మెలికలూ, బుడ్ల వరసలూ, చరియ మీది ఎర్రమట్టి కూడా. టైము మూడున్నర. కింద రేవు నుంచి పడవ బయల్దేరుతోంది. దాని వెనక తెల్లటి గీత నీళ్ళ మీద మెల్లగా వెడల్పవుతోంది. అది నన్ను వదిలి పోతున్న పడవని తెలిసీ, ఆ గీత ఎంత బావుందో అనుకుంటూ నిలబడ్డాను.

ఆ కొండ మీద ఒక్కచోటే సిగ్నల్ ఉంది. ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారు?"

"కొండ మీద."

"పడవ?"

"కనబడుతోంది. వెళ్ళిపోతోంది."

అటునుంచి మంచం కిర్రుమన్న చప్పుడు వినబడింది. లేచి కూర్చున్నట్టుంది.

"గుండె ఎంత?"

"నూట ఇరవై నాలుగు దాటలేదు. అదీ ఒక్క నిమిషం."

"గడియారం ఫోటో తీసి పంపండి."

పంపాను. రెండు నిమిషాలకి మెసేజి వచ్చింది. "రేవు దగ్గర నీడలో కూర్చోండి. నీళ్ళు తాగండి."

అయిదూ పావుకి కారొచ్చింది. అద్దాల నిండా దుమ్ము. ఆవిడ దిగి, కాసేపు కారు తలుపు పట్టుకునే నిలబడింది. జూలైలో జారిన చోటే మళ్ళీ జారిందట. ముందు నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. తర్వాత గడియారంలో రోజంతటి గీతనీ వేలితో పొద్దుటి దాకా జరిపి చూసింది. కొండ దగ్గర ఆగింది. అక్కడ ఒక చిన్న మొన లేచి, వెంటనే పడిపోయి, అరగంట చదునుగా ఉంది.

"ఇక్కడ దిగేశారా?"

"ఊఁ."

"తొక్కుంటే పడవ దొరికేదా?"

"ఆరు నిమిషాలు ముందే."

ఆవిడ నోటుబుక్కు ఇమ్మని చెయ్యి చాపింది. తప్పెక్కడ జరిగిందో నేనే చెప్పబోయాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టి, తనే మొదటి నుంచీ చదువుకుంది. పున్నమి, పది గంటలు, ఇరవై గడియలు. నేను పెద్దావిడ దగ్గర పది నిమిషాలు పట్టించిన చోటికి ఆవిడ అర నిమిషంలో వచ్చింది.

"జూలైలో చూశారు. ఇది ఫిబ్రవరి."

"అదే."

"ఏడాదికోసారి ఏప్రిల్‌లో ఆ గంట వెనక్కి జరుపుతారే, ఆ నైటు డ్యూటీ నాకు ఎనిమిది గంటలు కాదు, తొమ్మిది. పదిహేనేళ్ళ నుంచి చేస్తున్నా. ఇంట్లో గడియారాలు తిప్పేస్తే అయిపోతుందనుకుంటారు మీరు."

ఆవిడ తొమ్మిదో గంట నా ఏ లెక్కలోనూ ఎప్పుడూ లేదు.

సైకిల్ ముందు చక్రం విప్పి నేనిస్తే ఆవిడ డిక్కీలో పెట్టింది. ఒక చేతికే గ్లవ్ ఉండడం అప్పుడు చూసి, రెండోదేదని అడిగింది. ఒక పిట్ట ఎత్తుకుపోయిందన్నాను. ఆ రోజు నేను చెప్పినవాటిలో ఆవిడ నమ్మనిది అదొక్కటే.

డ్రైవింగ్ సీటు తలుపు తీసి, ఆ రోడ్డుకేసి ఒకసారి చూసి, తాళాలు నా చేతిలో పెట్టింది. సీటుబెల్టు లాక్కుంటూ నోటుబుక్కు నా ఒళ్ళో వేసింది.

"వచ్చేసారి ఆ గంట కలుపుకోండి," అంది.